జపాను వానకు అడ్డుపడిన మైకు

కొత్తగా సినిమా సమీక్షలు రాసే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, నా పాత పేపరు కత్తిరింపులు తిరగేసి, చివరికి అందరూ అడిగేది ఒక్కటే: "సార్, మీరు ఈ రంగంలోకి ఎలా వచ్చారు?" నోటి దురద వల్ల వచ్చానని చెబుతాను. వాళ్లు నవ్వేసి, పెద్దాయన వినయం అనుకుని వెళ్లిపోతారు. నాకు వినయం ఎప్పుడూ లేదు. ఆ మాట అక్షరాలా నిజం.

పేపర్లో సమీక్షకుడినయ్యింది చాలా తర్వాత. అంతకుముందు నేను ఆదోనిలో మైకు నాగన్నను. మా యజమాని ఖాజా సాయబు ఆదోనిలో ఒక సినిమా హాలు, ఎమ్మిగనూరులో ఒక గుడారం టాకీసు నడిపేవాడు. ఇంగ్లీషు సినిమా వస్తే తెర పక్కన స్టూలేసుకుని, మైకు పట్టుకుని, జరుగుతున్న కథను తెలుగులో చెప్పడం నా పని. నాకు వచ్చిన ఇంగ్లీషు ఎస్సెల్సీ తప్పడానికి మాత్రమే సరిపోయింది. అయినా ఏనాడూ మైకు ముందు తడుముకోలేదు. తెలియని చోట తెలిసినవాడికన్నా గట్టిగా చెప్పడం ఒక విద్య. ఆ విద్యతోనే నేను తర్వాత సమీక్షకుడిగా పేరు తెచ్చుకున్నాను.

అన్నాచెల్లెళ్లు

ఒక ఇంగ్లీషు సినిమాలో మొదటి సీనులోనే ఒక పడుచు, ఒక యువకుడు రైలు దిగారు. అమ్మాయి పెట్టె అబ్బాయి మోశాడు. "వీరిద్దరూ అన్నాచెల్లెళ్లు. తండ్రి పోయాక అన్నే చెల్లెల్ని కంటికి రెప్పలా పెంచుతున్నాడు" అని నేను ధారాళంగా మొదలుపెట్టాను. జనం కదిలిపోయారు. ఆడవాళ్ల వైపు నుంచి ముక్కు చీదిన చప్పుడు కూడా వచ్చింది. ఇంటర్వెల్ ముందు ఆ అన్న ఆ చెల్లెల్ని వాటేసుకుని మూతి మీద ముద్దు పెట్టాడు.

హాలంతా ఒక్కసారి చల్లబడిపోయింది. నేను మాత్రం తొణకలేదు. "ఇప్పుడే తెలిసింది, వీళ్లు అన్నాచెల్లెళ్లు కారు! చిన్నప్పుడు ఆసుపత్రిలో పిల్లలు మారిపోయారు!" అన్నాను. జనం చప్పట్లు కొట్టారు. ఆట అయ్యాక ఖాజా సాయబు నా భుజం తట్టి, "షాబాష్ నాగన్నా! ఆడియన్సు ఏం అడిగినా లేదనొద్దు. హా అను. మిగిలింది తర్వాత చూసుకుందాం" అన్నాడు.

నాకు దొరికిన వృత్తి పాఠాల్లో మొదటిది అదే, అన్నిటికన్నా చెడ్డది కూడా అదే. దాన్ని నేను చాలాకాలం నిష్ఠగా పాటించాను.

హీరోయిను లేని బొమ్మ

యాభైల చివర్లో మద్రాసు నుంచి వచ్చిన పెట్టెల్లో ఒక ఇంగ్లీషు ఫైటింగు సినిమాతో పాటు అడగని పెట్టె ఒకటి వచ్చింది. కొసరు అన్నమాట. అందులో ఉన్నది జపానువాళ్ల రంగుల సినిమా. మనుషులు లేరు, అంతా గీసిన బొమ్మలే. ఒక ముసలాయన కాగితం గొడుగులు చేస్తాడు. ఊళ్లో వానల్లేవు, గొడుగులు కొనేవాళ్లు లేరు. కూతురు, ఒక వింత జంతువు ఆయనకు తోడు. చివర్లో వాన వస్తుంది. అంతే కథ.

ఆదోనిలో వేశాం. మా హాల్లో మెత్తని కుర్చీలు పత్తి వ్యాపారులవి. ఒక శెట్టిగారు సగంలో లేచి నా దగ్గరికి వచ్చి, "ఏందప్పా ఇది, మా పత్తి బేళ్ల మీద అంటిచ్చే లేబుల్ మాదిరి ఉండాది. హీరోయిను ఎప్పుడొస్తాది?" అన్నారు. "వచ్చేస్తుంది శెట్టిగారూ, మేకప్ అవుతోంది" అన్నాను. ఆయన పాపం చివరిదాకా కూర్చున్నారు.

ఊళ్లో ఒక వారపత్రికకు సినిమాల గురించి రాసే ప్లీడరుగారు ఉండేవారు. వాన మొదలయ్యే చోట ఆయన కండువా దులుపుకుని వెళ్లిపోయారు. ఆ వారం పత్రికలో "బాలబాలికలకు తగిన కాలక్షేపం. పెద్దలకు ఇందులో చూడదగినది ఏమీ జరగదు" అని రాశారు. నేను ఆ ముక్క కత్తిరించి జేబులో పెట్టుకుని నలుగురికీ చూపించాను. నాకూ అదే అభిప్రాయం. పైగా ఏమీ జరగని చోట మైకు పట్టుకున్నవాడి బతుకు ఎంత దుర్భరమో ప్లీడరుగారికి తెలియదు.

ఈమధ్య జపాను బొమ్మల సినిమాలకు ప్రపంచమంతా నీరాజనాలు పడుతోంది. పెద్ద పెద్ద బహుమతులు ఇస్తున్నారు. మన పిల్లలు కూడా వాటి గురించి పేజీలకు పేజీలు రాస్తున్నారు. వాళ్లంతా మెచ్చుకునేది ఏమిటో తెలుసా? ఆ ఏమీ జరగకపోవడమే. కథ మధ్యలో ఆగి ఒక మనిషి ఊరికే నిలబడతాడు, గడ్డి కదులుతుంది, నీళ్లు పారుతాయి. ఆ కాసేపట్లో మనకు ఏదో అవుతుంది. దీన్ని గురించి నేను కూడా గంభీరమైన వ్యాసం రాసి సన్మానం చేయించుకున్నాను. అది నేను కనిపెట్టింది కాదు. నా మైకు నోరు మూయించి కోసిగి అనే ఊరి మనిషి ఒకామె నాకు నేర్పింది.

కర్టెన్ల సినిమా

ఆదోనిలో బొమ్మ పడుకుంది. సాయబు దాన్ని ఎమ్మిగనూరు గుడారానికి తోలాడు. కరపత్రం రాసే పని నాదే. ఆదోనిలో రాసినట్టే "జపాను కార్టూను చిత్రం" అని రాసి పంచాను. ఎమ్మిగనూరు మగ్గాల ఊరు. మర్నాడు ఒక నేతగాడు గుడారం దగ్గరికి వచ్చి, "కర్టెన్ల సినిమా అంట గదన్నా. దినామూ నేసేది మేమే. మళ్లా దుడ్లిచ్చి సూడల్లా?" అని అడిగాడు.

సాయబు నన్ను పిలిచి, "ఈ కార్టూను వద్దు, మనోళ్లకు తెలిసే మాట రాయి" అన్నాడు. బొమ్మల సినిమా అని రాద్దామనుకున్నాను. మా వైపు ఏ సినిమానైనా బొమ్మ అనే అంటారు. "బొమ్మ బాగుందా?" అంటే సినిమా బాగుందా అని. అంటే నేను "బొమ్మల బొమ్మ" అని రాయాలి. నత్తివాడు రాసినట్టుంటుంది. ఒక పూటంతా తల గోక్కుని, చివరికి గొప్ప మాట పట్టాను. "జపాను దేశపు రంగుల తోలుబొమ్మలాట!" సాయబుకు చదివి వినిపిస్తే ఎగిరి గంతేశాడు. నేను కూడా నన్ను నేను చాలా మెచ్చుకున్నాను.

ఆ కాగితాలు పట్టుకుని కోసిగి సంతకు పోయాను. ఆ యేడు ఆరుద్ర కార్తె పోయినా చినుకు లేదు. సంతలో గొర్రెలు అమ్మేవాళ్లే ఉన్నారు కానీ కొనేవాళ్లు లేరు. ఉరుకుందప్ప అనే నడివయసు రైతు నా కాగితాన్ని ఎవరిచేతో చదివించుకుని నా దగ్గరికి వచ్చాడు. ఆయన మాటకు వాళ్ల కేరిలో, అంటే వాడలో, విలువ ఉందని నలుగురు వెనకాల నిలబడిన తీరులోనే తెలుస్తోంది.

"అప్పా, తోలుబొమ్మలాట అంట గదా, నిజమేనా?"

"నిజమే అన్నా."

"ఆడిచ్చేటోళ్లు యాడోళ్లు?"

"జపానోళ్లు. సముద్రం నడుమ ఉంటారు."

"సముద్రం నడుమ ఉండేటోళ్లకు నీళ్ల సంగతి బాగ తెలిసుంటాది" అని ఆయన వెనక్కి తిరిగి తన వాళ్లకు చెప్పాడు. మళ్లీ నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "వాన కోసరం ఆడేదేనా?" అన్నాడు.

వానలు రాకపోతే తోలుబొమ్మలాట ఆడిస్తారు మా ప్రాంతంలో. ఆట నియమంగా సాగితే వాన వస్తుందని నమ్మకం. నేను పుట్టింది అక్కడే, ఈ సంగతి నాకు తెలియనిది కాదు. కానీ ఆ పూట నాకు గుర్తొచ్చింది సాయబు చెప్పిన హా ఒక్కటే.

"అవునన్నా, అందులో వాన కూడా ఉంది" అన్నాను. అబద్ధం కాదు కదా!

ఉరుకుందప్ప దండం పెట్టాడు. నాలాంటి వాడికి దండం పెడుతున్నాడంటే ఎక్కడో తేడా ఉందని అప్పుడే అనుమానం రావలసింది. నేను మాత్రం దాన్ని నా వ్యక్తిత్వానికి వచ్చిన గౌరవం అనుకున్నాను.

విత్తనాల బండి

ఆట రోజు పొద్దు వాలకముందే కోసిగి బండ్లు వచ్చాయి. సినిమాకు వచ్చే బండ్లలా లేవు. చాపలు, కుండలు, రోలు, గంపల కింద కోళ్లు. ఒక బండిలో మాత్రం మూటలు కట్టిన విత్తనాలు.

"ఇదేందన్నా, కాపురమే ఎత్తుకొచ్చినారు?" అని నవ్వుతూ అడిగాను.

"సుగ్గికి పోతాండాం" అన్నాడు ఉరుకుందప్ప. ఊళ్లో పని లేక వలస పోవడాన్ని మా వైపు సుగ్గి అంటారు. "కాలువ పనికాడ మేస్త్రి మాకు తావు పెట్టినాడు. రేపు సందేళకు పోకుంటే ఇంగోళ్లను పెట్టుకుంటాడు. మొన్ననే పోవల్లసింది. నువ్వు వానాట అన్నెవు గదా, ఆగినాం. ఈ రాత్రి వాన పడితే యెనక్కి పోయి ఇత్తనం ఏసుకుంటాం. పడకుంటే తెల్లారి ముందుకే."

నా నవ్వు అక్కడే ఆగిపోయింది. నేను ఒక పూట తల గోక్కుని పట్టిన మాటకు ఒక కేరి కేరంతా ప్రయాణం ఆపుకుని కూర్చుంది. పని దొరికే తావు పోతే వాళ్లు ఏం తింటారు? నిజంగా భయమేసింది. మొదట వాళ్ల కోసం, వెంటనే నా వీపు కోసం.

సాయబు దగ్గరికి పరుగెత్తాను. "ఇది వానాట కాదని చెప్పేద్దాం సాబ్" అన్నాను. ఆయన గడ్డం నిమురుకుని, "ఇప్పుడు చెప్తే ఏడుస్తారు. చూసినాక కూడా ఏడుస్తారు. ఏడ్చేదేదో లోపల కూర్చుని ఏడవనీ, మనుషులు అలిసిపోయి ఉన్నారు" అన్నాడు. ఆ మాటలో వ్యాపారం ఎంతో, జాలి ఎంతో నాకు ఇప్పటికీ తేలలేదు. అందరినీ నేల టికెట్టుతో లోపలికి పంపాడు.

లోపల వాళ్లు తెర ముందు కొబ్బరికాయ కొట్టారు. ఉరుకుందప్ప తల్లి ఈరమ్మ పసుపు గిన్నె పట్టుకుని తెర దగ్గరికి పోతుంటే మా ఆపరేటర్ డేవిడ్ లబోదిబోమంటూ వచ్చాడు. "అవ్వా, తెరకు పుయ్యొద్దు! ఆదివారం ఏసు బొమ్మ ఏసేదానికి దీన్ని మా చర్చికి తీసకపోతాం. పసుపుంటే పాస్టరుగారు నన్ను సంపుతాడు!" చివరికి తెర కట్టిన గుంజకు పసుపు రాయడానికి ఇద్దరూ ఒప్పుకున్నారు.

ఆట మొదలైంది. మైకు నా చేతిలో ఉంది. వింత జంతువు తెర మీదికి రాగానే "ఇదిగో, జిత్తులమారి నక్క!" అన్నాను.

"నక్కకు అంత తోక యాడుంటాదప్పా?" అని నేల మీద నుంచి ఎవరో.

"పునుగుపిల్లి అది."

"కుక్కరా, మొగం సూడు."

నక్క అని నేను, పునుగుపిల్లి అని వాళ్లు. ఆ జంతువు ఏమిటో తేలకుండానే సగం సినిమా గడిచింది. అది జపానులో మాత్రమే ఉండే జంతువని చాలా ఏళ్ల తర్వాత ఒక పుస్తకంలో చూసి, ఒంటరిగా కూర్చుని సిగ్గుపడ్డాను.

తర్వాత తెర మీద మబ్బు పట్టింది. ఆదోనిలో ప్లీడరుగారు లేచిపోయిన చోటు ఇదే. మొదటి చుక్క గొడుగుల ముసలాయన గుమ్మం ముందు దుమ్ములో పడింది. దుమ్ములో చిన్న గుంట పడింది. ఇంకొకటి. ఇంకొకటి. ముసలాయన బయటికి వచ్చాడు. ఇంటినిండా గొడుగులున్నాయి, ఒక్కటీ తీసుకోలేదు. ఊరికే నిలబడ్డాడు.

నిశ్శబ్దం నాకు ఎప్పుడూ పడదు. "చూడండి, చూడండి! వరుణదేవుడు కరుణించాడు! ముసలాయన ఆనందం పట్టలేకపోతున్నాడు! గొడుగులన్నీ అమ్ముడుపోతాయి, కూతురి పెళ్లి ఘనంగా..."

"ఓ మైకప్పా!" ఈరమ్మ గొంతు గుడారం చివరిదాకా వినిపించింది. "ఒక్క గడియ నోరు మూసుకో. వాన సప్పుడు ఇననీ."

జనం గొల్లున నవ్వారు. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది. నేను మైకు ఒళ్లో పెట్టుకున్నాను. అప్పుడు మొదటిసారి ఆ సినిమాను నేను కూడా విన్నాను. చూరు మీద ఒక చప్పుడు, ఆకు మీద ఒక చప్పుడు, బురదలో ఒక చప్పుడు. దుమ్ము లేవకుండా ఆట ముందు నేల మీద మేం నీళ్లు చల్లేవాళ్లం. ఆ తడి వాసన కూడా దానికి తోడైంది. నా ముందు కూర్చున్న నేతగాళ్లు, కూలివాళ్లు, ఎవరూ కదల్లేదు. ఒకాయన నోరు కొంచెం తెరిచి అలాగే ఉండిపోయాడు. ప్లీడరుగారు ఏమీ జరగదని రాసింది దీని గురించే కదా అనుకున్నాను. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. మైకు పనికి వచ్చాక నాకు అలా అయింది అదే మొదలు.

సినిమా అయిపోయింది, జపాను అక్షరాలు పడ్డాయి. ఒక్కరూ లేవలేదు.

"అయిపోయింది" అన్నాను మైకులో.

"మంగళం పాడకుండ యెట్లయిపోతాదప్పా?" అన్నాడు ఉరుకుందప్ప. "మంగళం లేకుండ లేస్తే కీడు. ఆట సెడిపోతాది."

జపానువాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు మరి. నేనే లేచి నిలబడి, తెల్లటి తెర ముందు, చేతులు కట్టుకుని మంగళం పాడాను. నా పాట సంగతి తెలిసిన డేవిడ్ మిషను గదిలోంచి చెవులు మూసుకోవడం నాకు కనిపించింది. ఎక్కడైనా ఒక మబ్బు ముక్క మిగిలి ఉంటే, నా మంగళం విన్నాక అది కూడా తుంగభద్ర దాటి పోయి ఉంటుంది. వాళ్లు మాత్రం చేతులు జోడించి చివరిదాకా విన్నారు.

పొద్దున

వాన పడలేదు. అద్భుతం కోసం చూస్తున్న వాళ్లు ఇక్కడే పుస్తకం మూసేయవచ్చు.

తెల్లవారి మొదటి బస్సుకు ఆదోని పారిపోదామని చొక్కా తొడుక్కున్నాను. బస్సు ఆగేది సరిగ్గా వాళ్ల బండ్ల పక్కనే. తల వంచుకుని నడుస్తుంటే ఉరుకుందప్ప పిలిచాడు. ఎద్దులు కట్టేశారు. విత్తనాలు ఇంట్లో దాచి రావడానికి ఇద్దరు మనుషులు ఆ బండిని వెనక్కి, ఊరి వైపు తిప్పి ఉంచారు. మిగిలినవన్నీ ముందుకు.

"అన్నా, తప్పు నాదే. అది వానాట కాదు. నాకు తెలిసే అట్ల చెప్పినాను" అన్నాను. తిట్టినా కొట్టినా సరే అనుకున్నాను.

ఆయన ఆకాశం వైపు చూశాడు. "వానాట ఆడిచ్చిన యేడు గూడ ఒక్కోసారి పడదు లేప్పా. నువ్వు గూడ పాడినెవు గదా, నీ శాత అయినంత." నా మంగళాన్ని అంత దయగా మెచ్చుకున్నవాళ్లు మళ్లీ ఎవరూ లేరు. "మాయమ్మ ఒక మాట అడగమంటాంది. మళ్లా మేం తిరిగొచ్చేతలికి ఈ బొమ్మ ఈడ ఉంటాదా?"

హా అనడానికి నోరు తెరిచాను. సంక్రాంతికి ఉంటుంది, ఉగాదికి ఉంటుంది, మీ ఊరికే తెస్తాను అని వరసగా నాలుక చివరికి వచ్చాయి. బండి మీద ఈరమ్మ నా మొహాన్నే చూస్తోంది.

"ఉండదన్నా. ఈ వారమే పెట్టె మద్రాసు పోతుంది. మళ్లీ రాదు."

"అట్లయితే ఇప్పుడు ఒకసారి ఏయమను" అంది ఈరమ్మ. "ఆ వాన కాడ."

పగలు గుడారంలో బొమ్మ పడదు. పైకప్పు గుడ్డలోంచి, పక్క తడికల్లోంచి ఎండ నిండుగా వస్తుంది. తెర మీద ఏమీ కనపడదని చెప్పాను.

"కనపడకుంటే ఏమి" అంది. "ఇనపడతాది గదా."

సాయబును లేపితే ఏమంటాడోనని భయపడుతూ వెళ్లాను. ఆయన అప్పటికే లేచి, పళ్లు తోముకుంటూ మమ్మల్నే చూస్తున్నాడు. వేపపుల్ల నోట్లోంచి తీయకుండానే, "డేవిడ్, ఇంజను కొట్టు" అన్నాడు. డేవిడ్ గొణగలేదు. చివరి రీలు ఎక్కించి, వాన మొదలయ్యే చోటు వెతికి పెట్టాడు.

వాళ్లంతా దిగి లోపలికి వచ్చి నేల మీద కూర్చున్నారు. తెర తెల్లగా ఉంది. దాని మీద ఏదో కదులుతోందని తెలుస్తోంది కానీ ఏమీ కనపడదు. మైకు పక్కన నేను ఖాళీగా నిలబడ్డాను. ముందు ఒక చుక్క, తర్వాత ఇంకొకటి, తర్వాత చూరంతా. బయట ఇంజను చప్పుడును కూడా ఆ చప్పుడు ముంచేసింది. అందరి మొహాల మీదా ఎండ పడుతోంది. ఎవరూ తెర వైపు చూడటం లేదు. కొందరు నేలను చూస్తున్నారు, కొందరు కళ్లు మూసుకున్నారు.

రీలు అయిపోవచ్చింది. ఈరమ్మ లేచింది. లేస్తూ, తనకే తెలియకుండా, తడవకుండా కొంగు తల మీదికి లాక్కుని బండి వైపు గబగబా నడిచింది.